రెండెండలు తిన్న చుట్టలు

నిన్న ఆదివారం మా తోడల్లుడుగారికి యాభై ఏళ్ళు నిండాయి. ఇవాళ ఆఫీసులో నా ముందు ఫైలు తెరిచి ఉంది, దాని మీద నా చెయ్యి కూడా ఉంది. మనసు మాత్రం ఇంకా మా మేడ మీదే ఉంది, వడియాల పక్కన. కడుపులో ఉక్రోషం చల్లారకముందే రాసేస్తే నాకు మంచిది.

మా తోడల్లుడుగారికి ఏ అలవాటూ లేదు. ఈ మాట ఆయనే చెబుతారు, ఎవరూ అడగకపోయినా. "సిగరెట్టు ముట్టను తమ్ముడూ. ఎప్పుడైనా మంచి సందర్భం వస్తే ఒక సిగార్. అంతే." ఆ 'అంతే' దగ్గర ఆయన కనురెప్పలు సగం వాలతాయి. నా లెక్క ప్రకారం గత పదేళ్ళలో ఆయనకు వచ్చిన మంచి సందర్భాలు నాలుగు. వాళ్ళ అబ్బాయికి ఇంజనీరింగు సీటు వచ్చినప్పుడు ఒకటి, ప్రమోషన్లకు రెండు, నా కొత్త కారుకు సొట్ట పడిన రోజున ఒకటి. ఈ చివరిది సందర్భం కాదని ఆయన అంటారు. ఆ సాయంత్రం వాళ్ళ డాబా మీద పొగ నేను చూశాను.

"ఈసారి బావగారికి చొక్కా గుడ్డ వద్దు. ఆయనకు ఇష్టమైనది ఏదైనా ఇద్దాం" అంది మా ఆవిడ. అలా గురువారం సాయంత్రం బంజారాహిల్స్‌లో ఒక దుకాణానికి వెళ్ళాను.

బంగారానికి కూడా అంత మర్యాద ఉండదు. విడిగా అద్దాల గది, అందులో దేవదారు వాసన వేసే అరలు, గోడకు తేమ కొలిచే పరికరం, దాని ముల్లు 68 దగ్గర. బయట మే నెల ఎండకు జనం మాడిపోతుంటే లోపల పొగాకు హాయిగా శీతాకాలం అనుభవిస్తోంది. కళ్ళజోడు కుర్రాడు ఒకడు చేతులు కట్టుకుని ఎదురొచ్చాడు.

"మంచి చుట్టలు చూపించు బాబూ" అన్నాను.

"చుట్టలు కాదు సార్, సిగార్లు" అన్నాడు, పసిపిల్లవాడికి అక్షరం దిద్దించినట్టు.

ఇక్కడ నాకు కొంచెం మండింది. మా తాతగారు చుట్ట కాల్చేవారు. తెల్లదొర దక్షిణాదికి వచ్చి తమిళులు 'చురుట్టు' అంటుంటే విని, నోరు తిరిగినంత మేర 'చెరూట్' చేసుకుని తన నిఘంటువులో పెట్టుకున్నాడు. తిరుచిరాపల్లి చుట్టలంటే ఇంగ్లండులో మోజుగా ఉండేదట. మన మాటా, మన సరుకూ సముద్రం దాటి వెళితే గౌరవం. అదే మాట మనం మన ఊళ్ళో అంటే ఒక కళ్ళజోడు కుర్రాడు సరిదిద్దుతాడు. చుట్టకు రెండు కొసలూ తెరిచే ఉంటాయనీ, సిగారుకు ఒక కొస ఆకుతో మూసి టోపీ పెడతారనీ, ఆ టోపీ కోస్తే గానీ పొగ రాదనీ అతను చెప్పాడు. సరే, ఒప్పుకున్నాను. టోపీ పెట్టడమంటే ఏమిటో బిల్లు చూశాక ఇంకా బాగా అర్థమైంది.

"పుచ్చుకునేవారికి ఎలాంటిది నప్పుతుంది సార్? లైట్ బాడీయా, మీడియమా, ఫుల్ బాడీయా?"

"ఫుల్లే బాబూ. నూటరెండు కిలోలు."

అతను నవ్వలేదు. ఫుల్ అని మనసులో రాసుకుని ఆ అరలోకెల్లా ఘాటైన సరుకు దించాడు. పేరు చర్చిల్. మనిషి పేరు కాదు, కొలత పేరు. ఏడంగుళాల పొడవు, 47 రింగు. రింగు అంటే ఏమిటని అడగడం నా రెండో తప్పు. అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో 47 భాగాల మందమట. మా కంసాలి తులానికి కూడా ఇంత సూక్ష్మంగా లెక్క కట్టడు.

ఎప్పుడో ఒకసారి కాల్చే మనిషికి తేలికపాటివి, పొట్టివి, అరగంటలో అయిపోయేవి రెండో మూడో ఇస్తే చాలు. ఏడంగుళాలది సావకాశంగా కాలిస్తే గంట దాటుతుంది. ఇది నాకు తర్వాత తెలిసింది. ఆ కుర్రాడికి ముందే తెలుసు. అయినా అయిదింటి పెట్టె కట్టించాడు. ఏడాదికి ఒకటి కూడా ముట్టని మనిషికి అయిదు! ధర ఇక్కడ రాయను, మా ఆవిడ ఇది చదువుతుంది.

కడుతూ మూడు జాగ్రత్తలు చెప్పాడు. ఎండ తగలనివ్వవద్దు. ఫ్రిజ్‌లో పెట్టవద్దు. లోపల వేసిన చిన్న పొట్లం తీయవద్దు, చుట్టలు ఆరిపోకుండా తేమను నిలబెట్టేది అదే. నేను ఈ మూడూ మా ఆవిడకు చెప్పాను. ఆవిడ అప్పుడు వాళ్ళ అక్కతో ఫోనులో ఉంది. చెప్పినట్టే లెక్క.

ఇంటికి వచ్చాక ఇంకో చిక్కు. పెట్టె మీద నూటికి 85 వంతుల మేర కుళ్ళిన గొంతు బొమ్మ ఉంది. చట్టం అది, తప్పులేదు. కానీ పుట్టినరోజు కానుక మీద అదేం శుభాకాంక్ష? పైగా అత్తగారు వేసవికి మా ఇంట్లోనే ఉన్నారు, అది ఆవిడ కంట పడితే పెద్దల్లుడి ఆయుష్షు మీద నేనే కన్నేశానని అనుకునే ప్రమాదం ఉంది. అందుకని పెట్టె అవతల పారేసి, అయిదింటినీ ఆ పొట్లంతో సహా ప్లాస్టిక్ సంచిలోకి మార్చి, సామాన్ల గదిలో అడుగు అరలో పెట్టాను. నా అంత ముందుచూపు గలవాడు వంశంలో లేడనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆరేసిన బట్టలు తెమ్మంటే మేడ మీదికి వెళ్ళాను.

మా మేడ మీద మే నెలలో ఏం జరుగుతుందో చెప్పాలి. అత్తగారు వచ్చిన మర్నాటి నుంచి అది మాది కాదు. పాత పంచె ఒకటి పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇటుక ముక్కలు పెట్టి, దాని మీద సగ్గుబియ్యం వడియాలు. పక్కన ఇంకో గుడ్డ మీద బూడిదగుమ్మడి వడియాలు. కాకుల కోసం విరిగిన నల్ల గొడుగు ఒకటి దండేనికి వేలాడదీసి ఉంటుంది. మా మేడ మీద కాకులకే కాదు, పై అంతస్తు పిల్లలకు కూడా ఆ గొడుగంటే హడలు.

వడియాల వరుస చివర ఒక చేట ఉంది. చేటలో అయిదు చుట్టలు.

ఒకదానికొకటి బెత్తెడు ఎడంగా, పెళ్ళింట్లో ఆరుబయట పడుకున్న మగపెళ్ళివారిలా వెల్లకిలా ఉన్నాయి. నేను దండెం పట్టుకుని నిలబడ్డాను. నడుముకు ఉండవలసిన ఎర్రటి కాగితపు పట్టీలు వాటికి లేవు. పట్టీలు అయిదూ విడిగా తీసి, గాలికి ఎగిరిపోకుండా ఒక గులకరాయి కింద భద్రంగా పెట్టి ఉన్నాయి. నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది ఆ గులకరాయి. చుట్టలు ఎండలో పెట్టడం పొరపాటు కావచ్చు. పట్టీల మీద రాయి పెట్టడం మాత్రం శ్రద్ధ. శ్రద్ధగా చేసిన పనిని ఏమని తిట్టగలం?

అంతలో అత్తగారు మెట్లెక్కి వచ్చారు, చేతిలో అట్లకాడతో, వడియాలు తిరగేయడానికి.

"మీకు చెప్పడం మరిచాను అల్లుడుగారూ. ఆ కొట్టువాడెవడో మిమ్మల్ని మోసం చేశాడు. అది తడిసిన సరుకు. పైగా సంచిలో నీళ్ళపొట్లం ఒకటి దాచాడు, తూకం రావడానికి కాబోలు. నిన్న పొద్దున్న నా కంట పడింది కనుక సరిపోయింది. పొట్లం పారేసి ఎండలో పెట్టాను. రెండెండలు తిన్నాయి. ఇంకొక్క ఎండ తగిలితే గలగలలాడతాయి."

నోరు తెరిచాను. మూశాను. ఆవిడ పుట్టిల్లు గోదావరి లంక. వరద తీశాక మిగిలిన ఒండ్రులో పండే లంక పొగాకు చుట్టలకు పెట్టింది పేరు. వాళ్ళ నాన్నగారిది పొగాకు సేద్యం. ఊహ తెలిసినప్పటి నుంచి ఆకు వాసన మధ్య పెరిగిన మనిషి ఆవిడ. నేను గురువారం సాయంత్రం గంటసేపు నేర్చుకున్న మనిషిని. ఏ ముఖం పెట్టుకుని తేమ గురించి చెప్పను?

అట్లకాడతో వడియాన్ని తిరగేసినట్టే ఒక్కొక్క చుట్టనూ ఇటు నుంచి అటు తిప్పారు. నేను ఒకటి తీసి వేళ్ళ మధ్య మెల్లగా నొక్కాను. అప్పడం విరిగిన చప్పుడు వచ్చింది. పై ఆకు కొస నుంచి కొస దాకా చీలింది.

"అదిగో, పలుకుతోంది" అన్నారు అత్తగారు, తృప్తిగా.

రెండోదానికి ఒక సగ్గుబియ్యం గింజ ముత్యంలా అతుక్కుని ఉంది. గోటితో తీయబోతే ఆకు కూడా వస్తోంది, వదిలేశాను. మూడోది వాసన చూశాను. పిండిలో దంచి వేసిన జీలకర్ర, పచ్చిమిర్చి. ఏ దేశంలో పుట్టిందో గానీ ఆ పొగాకు మా మేడ మీద చక్కగా పోపు పెట్టుకుంది. పట్టీలు తిరిగి తొడిగితే చిక్కిపోయిన వేలికి ఉంగరంలా జారిపోతున్నాయి.

దుకాణానికి ఫోను చేశాను. ఆ కుర్రాడే ఎత్తాడు.

"ఎంత వేడిలో ఉన్నాయి సార్?"

"41 డిగ్రీలు."

"ఎంతసేపు?"

"రెండెండలు."

"అంటే?"

అంటే ఏమిటో ఎలా చెప్పను? అతని 64వ భాగాలు నాకు కొత్త, మా ఎండలు అతనికి కొత్త. కొంతసేపు మౌనంగా ఉండి, మరణవార్త చెప్పే గొంతుతో అన్నాడు. తిరిగి తేమ పట్టాలంటే నెమ్మదిగా వారాల తరబడి పెట్టాలట, తొందరపడితే ఉబ్బి పగులుతాయట. ఆ వెంటనే గొంతులో ప్రాణం వచ్చింది. "కొత్త పెట్టె తీసుకోండి సార్, సరుకు ఉంది." ఉంటుంది నాయనా, ఎందుకు ఉండదు.

ఆ రాత్రి తడి తువ్వాలుతో, తమలపాకులతో నేను చేసిన ప్రయత్నాల గురించి రాయను.

ఆదివారం భోజనాలయ్యాయి. కానుక ఇచ్చాను. అందరి ముందూ పట్టీ మీది అక్షరాలు చదివి, 'తెలిసినవాడివి' అన్నట్టు నా భుజం తట్టారు తోడల్లుడుగారు. పట్టీ ఆయన చేతిలోకి జారివచ్చింది. అది కూడా పెద్ద కంపెనీల పద్ధతే అనుకున్నట్టున్నారు. టోపీ కోయడానికి కత్తెర లేదు. అత్తగారి తాంబూలం పెట్టెలోంచి అడకత్తెర వచ్చింది. ఒక్క నొక్కుకు టోపీతో పాటు మరో రెండంగుళాలు పొడిపొడిగా రాలాయి.

అగ్గిపుల్ల దగ్గరికి తేవడమే ఆలస్యం, కాకరపువ్వొత్తిలా అంటుకుంది. గంటకు పైగా సాగవలసిన చర్చిల్, పావుగంటలో సగం దాటి వస్తోంది. ఆయన కళ్ళు మూసుకున్నారు. రెప్పలు సగం వాల్చడం కాదు, పూర్తిగా.

"తమ్ముడూ, ఇందులో ఒక ఛాయ ఉంది గమనించావా? జీలకర్ర."

"అవునా అన్నయ్యగారూ?"

"క్యూబా మట్టిలో ఉంది ఆ గుణం. మిగతావాళ్ళు తలకిందులుగా తపస్సు చేసినా రాదు."

నేను పారేసిన పెట్టె మీద నికరాగ్వా అని ఉంది. చెప్పి ఉండవలసింది. పదేళ్ళ బట్టి ఎదురుచూసిన అవకాశం అది. కానీ ఎదురుగా అత్తగారు నిలబడి ఉన్నారు, పెద్దల్లుడి ముఖంలో వెలుగు చూసి మురిసిపోతూ. అంతలో ఒక నిప్పురవ్వ ఎగిరి ఆయన కొత్త పట్టు లాల్చీ మీద పడింది. కందిగింజంత చిల్లు. వదిన చిల్లు వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. చుట్ట వైపు మాత్రం చూడలేదు. ఆయన ఏడో దమ్ముకు తెల్లబోయి, చెమటలు పట్టి, ఒక పక్కగా కూర్చుని పంచదార అడిగారు. ఫుల్ బాడీ మరి.

చేట పక్కన ఎండిన వడియాలు మేమే తీసుకెళ్ళాం, రాత్రి వేయించారు. ఎవరూ ఏమీ అనలేదు. రెండోసారి ఎవరూ వడ్డించుకోనూ లేదు.

ఈ ఉదయం నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే అత్తగారు ఇడ్లీలో చట్నీ వేస్తూ అడిగారు. వచ్చే శనివారం ఆవిడ పెద్దల్లుడుగారింటికి వెళ్ళి జూన్ దాకా అక్కడే ఉంటారు. వాళ్ళ డాబా మా మేడకు రెట్టింపు ఉంటుంది.

"మిగిలిన నాలుగూ పెద్దల్లుడుగారు ఎక్కడ పెట్టుకున్నారో మీకేమైనా తెలుసా? వాటికి ఇంకొక్క ఎండ బాకీ ఉంది."