54 నిమిషాల అపచారం

సంగీతం పట్ల భయభక్తులు ఉన్నవారెవరైనా ఒక సంగతి ఒప్పుకోక తప్పదు. గొప్ప సంగీతానికి ప్రథమ లక్షణం, అది ఎంతకీ పూర్తి కాకపోవడం. శ్రోత గడియారం చూసుకోవాలి. చూసుకున్నందుకు తనలో తాను సిగ్గుపడాలి. కాసేపాగి మళ్లీ చూసుకోవాలి. మనిషిని ఈ మూడు దశలూ దాటించలేని దాన్ని వినోదమని సరిపెట్టుకోవచ్చు గాని, కళ అనడానికి నాకు నోరు రాదు.

ఈ లెక్కన న్యూయార్క్‌కు చెందిన రమోన్స్ అనే పంక్ రాక్ బృందం చేసిన పని క్షమించరానిది. 1977 డిసెంబరు 31 రాత్రి లండన్‌లో వారు వాయించిన కచేరీ 1979 ఏప్రిల్‌లో ‘ఇట్స్ అలైవ్’ పేరుతో ఆల్బమ్‌గా వచ్చింది. రెండు ఎల్పీ రికార్డులు. 28 పాటలు. అన్నీ కలిపి 54 నిమిషాలు. చప్పట్లకూ మాటలకూ పోయిన సమయం తీసేయకుండానే, ఒక్కో పాటకు సగటున రెండు నిమిషాలైనా దక్కలేదు. గొప్ప లైవ్ ఆల్బమ్‌ల ప్రస్తావన వస్తే మాత్రం, రాక్ అభిమానులు ఇన్నేళ్ల తర్వాత కూడా దీని పేరు ఎత్తకుండా ఊరుకోరు. వయసు మళ్లినవారు, ఉద్యోగాలు చేసుకుంటున్నవారు, పిల్లలకు బుద్ధులు చెప్పవలసినవారు సైతం దీన్ని వింటూ కాలు ఆడిస్తున్నారు. ఈ వ్యామోహానికి కారణాలు కనిపెట్టి, వీలైతే నివారణ సూచించడం నా ఉద్దేశం.

ముందుగా అప్పటికి స్థిరపడి ఉన్న సత్సంప్రదాయం ఎటువంటిదో తెలుసుకోవాలి. 1972 ఆగస్టులో డీప్ పర్పుల్ బృందం ఒసాకా, టోక్యో నగరాల్లో చేసిన కచేరీల నుంచి ‘మేడ్ ఇన్ జపాన్’ తయారైంది. అదీ రెండు రికార్డులే. పాటలు ఏడు. ఆఖరి పాట నాలుగో వైపంతా ఆక్రమించుకుని ఇరవై నిమిషాల దాకా కదలదు. 1976లో వచ్చిన లెడ్ జెప్లిన్ వారి కచేరీ ఆల్బమ్‌లో ఒకే ఒక్క పాట 26 నిమిషాలు దాటింది. యెస్ బృందానికి, ఎమర్సన్ లేక్ అండ్ పామర్ బృందానికి రెండు రికార్డులు చాలక మూడేసి కావలసి వచ్చాయి. శ్రోత మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లి, టీ కాచుకుని, తాగి, గ్లాసు కడిగి తిరిగి వచ్చేసరికి గిటారు అదే స్వరం మీద ఆయన కోసం ఎదురుచూస్తూ ఉండేది. ఎంత మర్యాద! డ్రమ్స్ వాయించే ఆయన ఒక్కడే పది నిమిషాలు బాదుతుంటే, తక్కినవారు తెర వెనక కూర్చుని అలుపు తీర్చుకునేవారు. పనివేళల్లో విశ్రాంతి హక్కును ఇంత చక్కగా అమలు చేసిన పరిశ్రమ మరొకటి లేదు. (డీప్ పర్పుల్ ఏడు పాటలనూ నేను నిజంగానే ఇష్టంగా వింటాను. ఇది వ్యంగ్యం కాదు. డ్రమ్స్ ఘట్టం మాత్రం దాటేస్తాను.)

ఇంత పద్ధతిగా సాగుతున్న లోకంలోకి నలుగురు తోలు జాకెట్లు, మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్సు వేసుకుని దిగారు. జోయీ, జానీ, డీ డీ, టామీ. నలుగురి ఇంటిపేరూ రమోనే. అన్నదమ్ములు కారు. బీటిల్స్ తొలినాళ్లలో పాల్ మెకార్ట్నీ కొంతకాలం పాల్ రమోన్ అని మారుపేరు పెట్టుకున్నాడు. దాన్ని ఎత్తుకొచ్చి నలుగురూ పంచుకున్నారు. 1976 ఏప్రిల్ నుంచి 1977 నవంబరు లోపు మూడు ఆల్బమ్‌లు తీశారు, ఒక్కోదానిలో 14 పాటలు. అంటే అప్పటికి ఆ మూడింట్లో ఉన్న 42 పాటల్లో మూడింట రెండు వంతులను ఒకే రాత్రి, గంటలోపు ఒలకబోశారన్నమాట. పొదుపు చేసుకోవలసిన వయసులో ఇంత దుబారా!

వాయించిన తీరు చూద్దాం. బేస్ గిటారు వాయించే డీ డీ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అరుస్తాడు. పాట మొదలవుతుంది. మనం ఇంకా సర్దుకుని కూర్చోకముందే అయిపోతుంది. చప్పట్లు కొడదామని చేతులెత్తేలోపు ఆయన మళ్లీ నాలుగు అంకెలూ లెక్కపెట్టేస్తాడు. ఎదిగిన మనిషి ఒక సాయంత్రంలో ఇన్నిసార్లు నాలుగు దాకా మాత్రమే లెక్కపెట్టడం విద్యావ్యవస్థ మీద పడిన మచ్చ. స్టూడియోలో ఉన్న వేగమే ఎక్కువ, వేదికెక్కాక దాన్ని ఇంకా పెంచారు.

జానీ గిటారు సంగతి మరీ విచారకరం. గిటారు తీగలను చెయ్యి కిందికి దించేటప్పుడూ మీటవచ్చు, పైకి తెచ్చేటప్పుడూ మీటవచ్చు. వేగంగా వాయించాలనుకునే వారికి ప్రకృతి ఇచ్చిన సౌకర్యం అది. జానీ దాన్ని తిరస్కరించాడు. కిందికి మాత్రమే కొడతాడు. ప్రతి దెబ్బా కిందికే, ఆ వేగంతోనే, దాదాపు గంట సేపు. సోలో (ఒక్కడే విడిగా వాయించి చూపే ఘట్టం) లేదు, అలంకారం లేదు, కళ్లు మూసుకుని ముఖం బాధగా పెట్టడం లేదు. ‘మూడు స్వరబంధాలే (కార్డ్‌లే) కదా, ఎవరైనా వాయిస్తారు’ అనేవారు నాకు చాలామంది తగులుతుంటారు. నేనూ వారి పక్షమే. అయితే వారిలో ఎవరినైనా ఈ ఆల్బమ్ మొదటి వైపు మాత్రం ఆ పద్ధతిలో వాయించి చూపమంటే, పావుగంట దాటకముందే ముంజేయి పట్టుకుని వేరే విషయం ఎత్తుతారు. కష్టాన్ని కష్టంలా కనిపించనివ్వకపోవడం శ్రోతను మోసగించడమే. చెమట పట్టిందని ప్రకటించని కళాకారుణ్ని గౌరవించడం ఎలా?

డ్రమ్స్ దగ్గర ఉన్న టామీ మొదట్లో ఈ బృందం వ్యవహారాలు చూసుకునే మనిషి. డ్రమ్మరుగా ఉన్న జోయీని గాయకుణ్ని చేశాక, ఆ ఖాళీలో సరైన వాడు దొరకక తనే కూర్చున్నాడు. ఆల్బమ్ నిర్మాణంలో కూడా అతని చెయ్యి ఉంది. అది విడుదలయ్యేసరికి ఎడతెగని ప్రయాణాలు భరించలేక డ్రమ్స్ వదిలేశాడు. గాయకుడు జోయీ ఆరున్నర అడుగుల మనిషి. జుట్టుతో ముఖం కప్పేసుకుని, మైకు కర్రను పట్టుకుని, ఉన్నచోటే ఉండిపోతాడు. పాటల విషయాలు ఏ పాఠ్యపుస్తకానికీ పనికిరావు: జిగురు వాసన పీల్చడం, సముద్రతీరానికి పోవడం, మానసిక చికిత్స, అమ్మాయి. సందేశం ఎక్కడా లేదు. నేను వెతికాను.

అన్నిటికన్నా నన్ను కలవరపరిచింది వారి మితభాషణం. మన సభల్లో ‘రెండే రెండు ముక్కలు మాట్లాడి సెలవు తీసుకుంటాను’ అని మైకు అందుకున్న పెద్దమనిషి, వేదికనలంకరించిన వారి పేర్లు పూర్తిచేయడానికి పట్టే సమయంలో రమోన్స్ అయిదు పాటలు ముగిస్తారు. ఈ ఆల్బమ్ గనక మన సాంస్కృతిక సంస్థల చేతిలో పడితే జ్యోతి ప్రజ్వలన, స్వాగతోపన్యాసం, శాలువాలు, జ్ఞాపికలు, వందన సమర్పణ ఏమైపోవాలి? హాలు అద్దెకు తీసుకున్నది మూడు గంటలకు కదా! జోయీ పాటల మధ్య మాట్లాడేదే తక్కువ. మాట్లాడిన వాటిలో ఒకటి మనకు సంబంధించినది, అదీ తిండి గురించి. తాము తిన్న చికెన్ విందాలూ సంగతి ఎత్తి, ఆ వెంటనే ఆరోగ్యం కుదుటపడాలని కోరుకునే పాట అందుకుంటాడు. లండన్‌లో భారతీయ భోజనశాలలు న్యూయార్క్ పంక్ మీద చూపిన ప్రభావాన్ని ఇంత సూటిగా నమోదు చేసిన పత్రం మరొకటి నాకు కనిపించలేదు. విశ్వవిద్యాలయాలు ఈ కోణాన్ని పట్టించుకోకపోవడం బాధాకరం.

ఇక కచేరీ జరిగిన చోటు. ఉత్తర లండన్‌లో ఫిన్స్‌బరీ పార్క్ దగ్గర ఉన్న రెయిన్‌బో థియేటర్. 1930లో సినిమా హాలుగా కట్టారు. 1967లో జిమీ హెండ్రిక్స్ గిటారుకు నిప్పు పెట్టినది ఈ వేదిక మీదే. 1971లో రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పాను ప్రేక్షకుడొకడు వేదిక మీంచి కిందికి తోసి కాలు విరగ్గొట్టిందీ ఇక్కడే. 1977 మే నెలలో క్లాష్ బృందం వచ్చినప్పుడు అభిమానులు కుర్చీలు విరిచారు. ఇంత అనుభవం ఉన్న హాలువారు ఆ డిసెంబరులో రమోన్స్ కోసం మళ్లీ కుర్చీలు వేసి ఉంచారు. ఆశాజీవులు.

ఆ ఇంగ్లండ్ పర్యటనలో నాలుగు కచేరీలను రికార్డు చేశారు. నాలుగింట్లో డిసెంబరు 31 నాటిదాన్నే ఎందుకు ఎంచుకున్నారు? శ్రుతి శుద్ధి వల్లనా, తాళం తప్పకపోవడం వల్లనా? కాదు. కచేరీ అయ్యాక ప్రేక్షకులు పది వరుసల కుర్చీలు పీకి వేదిక మీదికి విసిరారు. అందుకని అదే ఉత్తమమైనదని తేల్చారు. అవార్డు కమిటీల్లో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను, ఇంత పారదర్శకమైన ఎంపిక విధానం నేనెక్కడా చూడలేదు. సిఫారసు లేదు, ప్రాంతాల వారీ సర్దుబాటు లేదు, కుర్చీలు లెక్కపెట్టుకోవడమే. నా అభ్యంతరమల్లా ఒకటే. కుర్చీలు పీకినవారు అరగంట సోలోలు విని విసిగి పీకారా అంటే అదీ కాదు. ఇంకా కావాలని పీకారు. శ్రోతను ఆకలితో ఇంటికి పంపే సంగీతాన్ని బాధ్యత గల సంగీతం అని ఎలా అనగలం?

ఆ భవనం 1981లో కచేరీలు మానేసింది. ఇప్పుడు అక్కడ ప్రార్థనలు జరుగుతున్నాయి, అదొక చర్చి. ప్రాయశ్చిత్తం కొంత ఆలస్యంగానైనా జరిగినందుకు సంతోషం.

అమెరికా రికార్డు వ్యాపారులు వివేకవంతులు. బ్రిటన్‌లో విడుదలైన ఈ ఆల్బమ్‌ను వారు సొంత దేశంలో 1990ల నడిమి వరకు విడుదలే చేయలేదు. ఈలోగా బృందాన్ని దారిలో పెట్టే ప్రయత్నం ఒకటి జరిగింది. తొలి ఆల్బమ్‌ను దాదాపు 6,400 డాలర్లతో చుట్టేసిన వీరిని ప్రఖ్యాత నిర్మాత ఫిల్ స్పెక్టర్ చేతిలో పెట్టారు. 1980లో వచ్చిన ఆ ఆల్బమ్‌కు దాదాపు రెండు లక్షల డాలర్లు ఖర్చయింది. ఒక పాట మొదట్లో వచ్చే ఒకే ఒక్క స్వరబంధాన్ని జానీ చేత ఆయన గంటల తరబడి మళ్లీ మళ్లీ వాయింపజేశాడని బృందం వారే చెప్పుకున్నారు. చూశారా, కళాతపస్సు! రెయిన్‌బోలో 28 పాటలు పూర్తయిన సమయంలో ఇక్కడ ఒక్క దెబ్బ కూడా కుదరలేదు. అమెరికా ఆల్బమ్‌ల అమ్మకాల పట్టికలో వారు చేరుకున్న అత్యున్నత స్థానం కూడా ఆ స్పెక్టర్ ఆల్బమ్‌దే, 44. ఇదంతా తెలిసి కూడా అభిమానులు దాన్ని పక్కనపెట్టి కుర్చీలు విరిగిన రికార్డునే మళ్లీ పెట్టుకోవడం మొండితనం తప్ప మరేమీ కాదు.

బృందం ఎప్పటికీ బాగుపడలేదు. 1996 ఆగస్టులో ఆపేసేసరికి 2,263 కచేరీలు చేశారు. ఒక అమ్మాయి విషయంలో మనసులు విరిగాక జోయీ, జానీ ఏళ్ల తరబడి ఒకే వ్యానులో ప్రయాణిస్తూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. కడదాకా ఒకే ఇంటిపేరుతో ఒకే వేదిక మీద నిలబడ్డారు. ఉమ్మడి కుటుంబాల్లో పెరిగిన తెలుగు పాఠకులకు ఇందులో వింత ఏమీ కనిపించదు. తొలి ఆల్బమ్ అమ్మకాలు అమెరికాలో గోల్డ్ గుర్తింపు పొందడానికి 38 ఏళ్లు పట్టింది. 2014లో అది దక్కేసరికి ముగ్గురు పోయారు. మిగిలిన టామీ ఆ జులైలో పోయాడు.

రికార్డుల కన్నా వారి చొక్కాలకే గిరాకీ. ఆర్టురో వేగా అనే చిత్రకారుడు అమెరికా అధ్యక్షుడి ముద్రను తీసుకుని, గద్ద కాలిలోని బాణాలు తీసేసి బేస్‌బాల్ బ్యాటు, ఆలివ్ కొమ్మ బదులు ఆపిల్ కొమ్మ పెట్టాడు. ఆ ముద్ర ఉన్న టీషర్టులు హైదరాబాద్ మాల్స్‌లో కూడా కనిపిస్తాయి. వేసుకున్న కుర్రవాణ్ని ఏ పాట ఇష్టమని అడిగితే, అది బట్టల కంపెనీ పేరు కాదా అన్నట్టు చూస్తాడు. అతన్ని చూసి నవ్వేవారున్నారు. నేను నవ్వను. ఈ బృందం విషయంలో సురక్షితమైన దూరం పాటిస్తున్నది అతనొక్కడే. పొరపాటున ఒకసారి వింటే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1976 జులై 4న వీరు లండన్ రౌండ్‌హౌస్‌లో వాయించాక అక్కడి కుర్రవాళ్లు మనమూ వాయించవచ్చు కదా అనుకోవడం మొదలుపెట్టారు. శ్రోతలందరూ వేదికెక్కితే కింద కూర్చుని చప్పట్లు కొట్టేదెవరు? ఈ ఆల్బమ్‌లోని అసలు ప్రమాదం వేగం కాదు, ఈ ఆలోచన. 54 నిమిషాలూ అది చెవిలో గొణుగుతూనే ఉంటుంది, కాబట్టే ఒకసారి విన్నవాడు రెండోసారి వింటాడు.

శుభవార్త ఏమిటంటే, 2019లో కంపెనీవారు తప్పు సరిదిద్దే దిశగా ఒక అడుగు వేశారు. నలభై ఏళ్ల సందర్భంగా ఆనాటి నాలుగు కచేరీలనూ కలిపి ఒక పెద్ద పెట్టెలో పెట్టి అమ్మారు. దాదాపు అవే పాటలు, నాలుగుసార్లు. ఎట్టకేలకు ఈ సంగీతానికి బరువు, అట్ట, అల్మారాలో చోటు, కొన్న తర్వాత వినకుండా ఉంచుకునే గౌరవం లభించాయి. నేను లెక్కవేశాను. నాలుగు కచేరీలూ వరసగా విన్నా, ‘మేడ్ ఇన్ జపాన్’ మూడుసార్లు విన్నంత సమయం పట్టదు. కాబట్టి సమస్య పూర్తిగా తీరలేదు. తదుపరి ముద్రణలో కనీసం ఒక రికార్డును గిటారు శ్రుతి చేసుకునే చప్పుడుకు, మరొకదాన్ని స్వాగతోపన్యాసానికి కేటాయించాలనీ, హాలువారు పది వరుసల కుర్చీలకు వేసిన బిల్లు ఎక్కడైనా దొరికితే దాని నకలును పెట్టెలో జతచేయాలనీ సవినయంగా కోరుతున్నాను.