షైన్, సూపర్ స్ప్లెండర్: ముందు మీ ఊరి బాట చూడండి

మా చిన్నాయన కొడుకు పోయిన వారం ఫోన్ చేశాడు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాసే పని దొరికింది. జీతం 15 వేలు. ఊరి నుంచి మిల్లుకు పోను 20 కిలోమీటర్లు, రాను 20. "అన్నా, షైన్ తీసుకోమంటవా, సూపర్ స్ప్లెండర్ తీసుకోమంటవా?" అని అడిగాడు. సూపర్ స్ప్లెండర్ తీసుకోమని అక్కడికక్కడే చెప్పాను. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఉండే ఎవరు అడిగినా ఇదే చెబుతాను.

ఈ రెండు బండ్ల కథ అందరికీ తెలిసిందే. 1984లో కలిసిన హీరో, హోండా 2010 చివర్లో వేరుపడ్డాయి. కలిసి ఉన్నప్పుడే 2005లో సూపర్ స్ప్లెండర్ వచ్చింది. మరుసటి ఏడాది హోండా తన సొంత కంపెనీ నుంచి షైన్ దింపింది. ఒకే ఇంట్లో పెరిగిన అన్నదమ్ముల్లాంటి బండ్లు ఇవి. రెండూ 125 సీసీ తరగతివే, రెండింటి పవరూ దాదాపు సమానం. 2020లో బండ్ల పొగను తగ్గించే బీఎస్6 నిబంధన వచ్చాక రెండింటికీ కార్బ్యురేటర్ పోయి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది, ఐదో గేరు వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగితే రెండింటి ధరా తగ్గింది. షోరూంలో ఇచ్చే కాగితం పట్టుకుని పోల్చుకుంటూ కూర్చుంటే పొద్దు గూకినా తేలదు.

మనవాళ్లు ముందు అడిగేది మైలేజీ. ఒక బండి లీటరుకు 60 ఇస్తుందని, ఇంకోటి 55 ఇస్తుందని అనుకుందాం. తమ్ముడు రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగితే 12 వేల కిలోమీటర్లు. మొదటి దానికి 200 లీటర్లు, రెండో దానికి 218 లీటర్లు. లీటరు 107 రూపాయలు లెక్కేసుకున్నా తేడా ఏడాదికి రెండు వేల లోపే. నెలకు 160 రూపాయలు. పైగా ఈ రెండు బండ్ల మధ్య ఐదు కిలోమీటర్ల తేడా ఉండదు. టైర్లలో గాలి తక్కువుంటే, చైన్ వదులైతే అంతకంటే ఎక్కువే పోతుంది. మైలేజీ కోసం నాలుగు షోరూంలు తిరిగే మనిషి నెలకోసారి గాలి చూయించుకుంటే చాలు.

అసలు సంగతి బాట దగ్గర ఉంది. సూపర్ స్ప్లెండర్ ఇంజిన్ అడుగు నేలకు 180 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. షైన్‌ది 162. తేడా 18 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి మందం. హైదరాబాద్‌లో తిరిగేవాళ్లకు ఇది లెక్కలోకి రాదు. మిర్యాలగూడ, హాలియా, నేరేడుచర్ల వైపు సాగర్ ఎడమ కాలువ కింద బతికేవాళ్లను అడగండి. నాట్ల కాలంలో కేజ్‌వీల్స్, అంటే దమ్ము చేసే ఇనుప చక్రాలు, వేసిన ట్రాక్టర్లు పొలంలోంచి నేరుగా రోడ్డెక్కుతాయి. తారు లేచిపోతుంది. కాలువ కట్ట మీది మట్టి బాటలో ట్రాక్టర్ టైర్లు రెండు పక్కలా గాళ్లు తీస్తాయి, మధ్యలో మట్టి కట్టలా లేస్తుంది. ఎండాకాలం వచ్చేసరికి ఆ కట్ట రాయిలా గట్టిపడుతుంది. బండి చక్రం గాడిలో, అడుగు ఆ కట్ట మీద. సైలెన్సర్ గీసుకుంటూ పోయే చప్పుడు మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇప్పుడు దాని మీద బరువు పెట్టండి. మన దగ్గర బండి మీద ఒక్క మనిషి తిరిగేది ఎప్పుడు? ముందు ట్యాంకు మీద 45 కిలోల యూరియా బస్తా, వెనక భార్య, ఆమె ఒడిలో బిడ్డ. పొద్దున్నే రెండు పక్కలా పాలక్యాన్లు, సాయంత్రం గడ్డిమోపు. బత్తాయి తోట ఉన్నవాళ్లకు డ్రిప్పు పైపుల చుట్ట, మోటారు కాలిపోతే రిపేరుకు పోయే మోటారు కూడా బండి మీదే. పల్లెలో బండి అంటే ఎడ్లబండి చేసిన పనిలో సగం చేసే వాహనం. బరువు పడ్డకొద్దీ వెనక షాకబ్జర్లు కిందికి దిగుతాయి. 180 ఉన్నదీ తగ్గుతుంది, 162 ఉన్నదీ తగ్గుతుంది. దాదాపు ఖాళీ లేని చోట మిగిలిన ఆ బొటనవేలి మందమే ఇంజిన్ అడుగున ఆయిల్ నట్టు పగలకుండా కాపాడుతుంది. ఆ నట్టు దగ్గర పగిలి, తెలియకుండా ఆయిలంతా కారిపోయి, ఇంజిన్ పట్టేసిన బండ్లను మా ఊళ్లోనే రెండు చూశాను. ఇంజిన్ విప్పితే ఎన్ని వేలవుతుందో తెలిసినవాళ్లు మైలేజీ మాట ఎత్తరు.

ట్యాంకు కూడా చూడాలి. సూపర్ స్ప్లెండర్‌లో 12 లీటర్లు పడతాయి, షైన్‌లో పదిన్నర. ఆ లీటరున్నరతో 80 కిలోమీటర్లు పోవచ్చు. నల్లగొండ పట్నంలో ఉంటే అవసరం లేదు. అచ్చంపేట దాటి మన్ననూరు మీదుగా నల్లమలలోకి పోయేవాళ్లకు, అమ్రాబాద్ పైన ఊళ్లలో ఉండేవాళ్లకు ఆ 80 కిలోమీటర్లంటే ధైర్యం.

మూడోది మెకానిక్. మండల కేంద్రాల చౌరస్తాలో రేకుల షెడ్డు కింద పనిచేసే మెకానిక్ చెయ్యి హీరో హోండా బండ్ల మీదే తిరిగింది. వాళ్ల గురువులు నేర్చుకున్నదీ వాటి మీదే. చిన్న స్ప్లెండర్ సామాను సూపర్ స్ప్లెండర్‌కు అన్నీ సరిపోవు, ఆ మాట నిజం. కానీ స్ప్లెండర్లు గుంపుగా ఉన్న చోట దుకాణంవాడు హీరో సామాను తెచ్చి పెట్టుకుంటాడు. బండి కొనే ముందు ఒక పని చేయండి. మీ ఊరికి దగ్గర్లో ఉన్న మెకానిక్ దగ్గరికి పోయి క్లచ్ ప్లేట్లు, బ్రేక్ షూ, చైన్ స్ప్రాకెట్ సెట్టు, క్లచ్ వైరు ఈ రెండు బండ్లకూ ఇప్పుడు, ఈ నిమిషంలో, ఉన్నాయా అని అడగండి. "రేపు నల్లగొండ నుంచి తెప్పిస్తా" అన్నాడంటే, ఆ రేపటి కూలీ మీరు పోగొట్టుకున్నట్టే.

షైన్‌ను మెచ్చుకునేవాళ్ల మాట కూడా వినాలి. ఇంజిన్ మెత్తగా నడుస్తుంది, స్టార్టర్ నొక్కితే చప్పుడే రాదు, బండి కొన్ని కిలోలు తేలిక. ఇవన్నీ నిజమే. ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఆఫీసుకు పోయే పిల్లవాడు అడిగితే నేనూ షైన్ తీసుకోమనే చెబుతాను. అతనికి తగిలేవి సిగ్నళ్లు. మనకు తగిలేవి గాళ్లు, గుంతలు.

ఏ బండి తీసుకున్నా ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉన్నదే తీసుకోండి. బండితో పాటు హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ రూల్ చెబుతుంది. షోరూంలో గట్టిగా అడగండి, ఐఎస్ఐ గుర్తు చూసి తీసుకోండి.

కిస్తీల విషయం మాత్రం కొంచెం నిలబడి చూడాలి. బండి ఎంపిక మీద నెలరోజులు వాదించుకునేవాళ్లు ఫైనాన్స్ కాగితం మీద రెండు నిమిషాల్లో సంతకం పెడతారు. నేనూ ఒకప్పుడు అలాగే పెట్టాను. "పన్నెండు శాతమే అన్నా" అన్నాడు షోరూంలో కూర్చున్న ఫైనాన్స్ కుర్రాడు. అది ఫ్లాట్ వడ్డీ అని ఆరు నెలల తర్వాత తెలిసింది. 70 వేలు తీసుకుని 36 నెలల్లో కడితే ఫ్లాట్ 12 శాతం మీద వడ్డీ 25,200. నెల కిస్తీ 2,644 రూపాయలు. నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి 70 వేల మీదే పడుతూ ఉంటుంది. బ్యాంకులు లెక్కకట్టే పద్ధతిలో చూస్తే అది దాదాపు 21 శాతం. మైలేజీలో ఏడాదికి రెండు వేలు మిగుల్చుకుందామని చూసినవాళ్లు వడ్డీలో ఏడాదికి ఎనిమిది వేలు కడుతున్నారు. "ఫ్లాటా, తగ్గే బాకీ మీదా?" అని ఒక్క మాట అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి.

ఇప్పుడు తమ్ముడి లెక్క మొత్తం చూద్దాం. కిస్తీ 2,644. పెట్రోలు నెలకు దాదాపు 1,800. ఆయిలు, టైర్లు, సర్వీసింగ్ కలిపి నెలకు ఒక ఐదారు వందలు. మొత్తం ఐదు వేలు. జీతం 15 వేలు. మూడు రోజుల కూలిలో ఒక రోజు కూలి, పనికి పోయి రావడానికే పోతోంది. నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఈ లెక్కే. వాడు బండి కొంటున్నది ఇష్టపడి కాదు. పొద్దున ఎనిమిదింటికి మిల్లు దగ్గర ఉండాలి, ఆ వేళకు ఊరికి బస్సు లేదు. షైనా, సూపర్ స్ప్లెండరా అని అడిగే ముందు, అసలు బండి లేకుండా ఈ ఉద్యోగం చేయగలనా అని వాడు అడగలేకపోయాడు. జవాబు వాడికి తెలుసు.

ఈ గడ్డ మీద ప్రభుత్వ బస్సు 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో మొదలైంది. ఆ తర్వాత తరాల తరబడి పల్లె జీవితం బస్సు టైము చుట్టూ తిరిగింది. నైట్ హాల్ట్ బస్సు ఉన్న ఊరు అంటే అదొక హోదా. చీకటి పడ్డాక వచ్చేది, డ్రైవరూ కండక్టరూ ఊళ్లోనే పడుకునేవాళ్లు, తెల్లవారుజామున అదే బస్సులో కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు బయలుదేరేవాళ్లు. "మొదటి బస్సుకు పోయి ఆఖరు బస్సుకు వస్తా" అని చెప్పి ఇంట్లోంచి కదిలేవాళ్లు. ఆ మాట ఇప్పుడు ఎంతమంది పిల్లల నోట వినబడుతుంది?

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలై పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. మంచి పని. కూలికి పోయే తల్లికి, కాలేజీకి పోయే ఆడపిల్లకు అది చేతిలో పెట్టిన డబ్బుతో సమానం. కానీ ఊరికి బస్సే రాకపోతే ఉచిత టికెట్ ఎక్కడ చూపించాలి? జాతీయ రహదారి పక్కన ఉన్న ఊరికి పదిసార్లు వస్తుంది, నాలుగు కిలోమీటర్లు లోపలున్న తండాకు ఒక్కసారి వస్తే గొప్ప. ఆ నాలుగు కిలోమీటర్ల కోసమే ఇంటికో బండి కొంటున్నారు.

జనం ఎక్కడం లేదు కాబట్టి ట్రిప్పులు తగ్గించాల్సి వస్తుందని ఆర్టీసీవాళ్లు చెబుతారు. నేను దీన్ని ఒప్పుకోను. పది నిమిషాలు ముందో, అరగంట వెనకో వచ్చే బస్సును నమ్మి ఎవరూ ఉద్యోగం చేయలేరు. రెండుసార్లు జీతం కోత పడ్డాక మూడోసారి అప్పు చేసి బండి కొంటారు. కొన్నాక బస్సు ఎక్కరు. ఎక్కడం లేదని ఉన్న ట్రిప్పూ పోతుంది. అప్పుడు బండి నడపలేని ముసలమ్మ, బండి కొనలేని కూలి మనిషి ఆటోకు అడిగినంత ఇచ్చి పోవాలి. మిల్లుల షిఫ్టు, మార్కెట్ యార్డు, కాలేజీ, కలెక్టరేట్ వేళలు రాసుకుని వాటికి సరిపోయేలా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తప్పకుండా నడిపితే చాలు. ఏడాదిపాటు ఒక్క రోజూ తప్పకుండా నడిపి చూడాలి, అప్పుడు ఎక్కారో లేదో లెక్క తీయాలి.

రాత్రి సంగతి కూడా చెప్పాలి. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే రోడ్డు మీద మిర్యాలగూడ బియ్యం లారీలు, వాడపల్లి వైపు సిమెంటు లారీలు రాత్రంతా నడుస్తాయి. ఎదురు లైట్లకు కళ్లు మూసుకుపోయే ఆ రోడ్డు మీద, పన్నెండు గంటలు పనిచేసి అలసిపోయిన పిల్లవాడు 125 సీసీ బండి మీద ఇంటికి రావాలి. వాడు చేరేదాకా మా చిన్నమ్మ వాకిట్లో కూర్చునే ఉంటుంది. ఆ టెన్షన్‌కు కిస్తీ లెక్కలో చోటు లేదు.

తమ్ముడి బండి బుధవారం ఇంటికి వస్తుంది. సూపర్ స్ప్లెండరే, డిస్క్ బ్రేకుది. అదే రోజు డిపోలో ఇవ్వడానికి ఊరివాళ్లం అర్జీ రాసి పెట్టాం. పొద్దున ఏడింటికి ఒక ట్రిప్పు, రాత్రి ఎనిమిదిన్నరకు ఒక ట్రిప్పు. మొదటి సంతకం తమ్ముడే పెట్టాడు.