ఈశాన్యంలో అమరవీరులు

పోయిన ఆదివారం మా తోడల్లుడి ఇంట్లో ఇంకో గోల్డ్‌ఫిష్ పోయింది. ఆ కబురు ఫోన్ చేసి మరీ చెప్పాడు. గొంతులో దిగులు ఉంటుందేమోనని విన్నాను. లేదు, ఇంక్రిమెంటు వచ్చినవాడి హుషారు ఉంది. "దిష్టంతా అదే లాక్కుపోయింది అన్నయ్యా, లేకపోతే మొన్న బైకు మీద నాకేమయ్యేదో!" గృహప్రవేశం అయి ఐదు నెలలు, ఇది పధ్నాలుగో చేప.

ఈ శాస్త్రం మీకు తెలిసే ఉంటుంది, ఇలాంటివాడు మీ చుట్టాల్లోనూ ఒకడు ఉండే ఉంటాడు. ఈశాన్యం మూల గుండ్రటి గాజు గిన్నె, అందులో ఎనిమిది బంగారు రంగువి, ఒక నల్లది. ఎనిమిదీ డబ్బు తెస్తాయి, నల్లది దిష్టి లాగేస్తుంది. గోల్డ్‌ఫిష్‌ని వెయ్యేళ్ళకు పైగా సాకి ఈ రూపానికి తెచ్చింది చైనావాళ్ళు, తొమ్మిది చేపల లెక్కా వాళ్ళ ఫెంగ్ షూయీదే, అయినా మన వాస్తు పురుషుడు పెద్ద మనసు చేసుకుని దత్తత తీసుకున్నాడు. దీపావళికి చైనా సరుకు కొనొద్దని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేది కూడా మా తోడల్లుడే, అది వేరే సంగతి.

లెక్కలు మాత్రం వాళ్ళమ్మగారు చూసుకుంటారు. పంచాంగం క్యాలెండర్ వెనక పెన్సిలుతో ఖాతా రాసి పెట్టారు. మూడోది మనవడి మ్యాథ్స్ బ్యాక్‌లాగ్‌కి పోయింది. ఐదోది కింది ఫ్లాట్ ఆవిడ కళ్ళకి. ఏడు, ఎనిమిది ఒకే రాత్రి పోయాయి, మర్నాడు ప్లాటు రిజిస్ట్రేషన్ ఆగింది, రెండు పోయాయంటే ఎంత పెద్ద గండమో చూసుకోండి. తొమ్మిదోదానితోనే చిక్కొచ్చింది. పొద్దున్నే అది తేలింది కానీ ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ ఆఫీసులకి ఫోన్లు చేసి కనుక్కున్నారు, ఊళ్ళో ఉన్న పెద్దమ్మ బీపీ కూడా కనుక్కున్నారు, నార్మల్. మధ్యాహ్నం దాకా ఇంట్లో ఒకటే టెన్షన్. సాయంత్రం నాలుగింటికి కుక్కర్ సేఫ్టీ వాల్వ్ ఎగిరి పప్పు సీలింగుకి కొట్టింది, అప్పటికి గానీ పెద్దావిడ ఊపిరి పీల్చుకోలేదు. "అదీ సంగతి" అని పెన్సిలు అందుకున్నారు.

పోయిన చేప స్థానం మర్నాటికల్లా భర్తీ అయిపోవాలి, తొమ్మిది తగ్గితే దోషం. షాపువాడు ప్రతిసారీ అదే మాట: "దీనికి ఫిల్టర్ అక్కర్లేదు సార్, ఆక్సిజన్ అక్కర్లేదు, వారానికోసారి నీళ్ళు మార్చండి చాలు." నిజమే కదా, నాలుగు రోజులే బతికేదానికి ఇవన్నీ ఎందుకు?

సరే, పోస్ట్‌మార్టమ్ నేను చేస్తాను. ఆ గిన్నెలో పట్టేది ఎనిమిది లీటర్లు. గోల్డ్‌ఫిష్ సరిగ్గా పెరిగితే జానెడవుతుంది, పదేళ్ళు బతుకుతుంది. అలాంటివి తొమ్మిది ఒక బిందె నీళ్ళలో తిని, అందులోనే విసర్జిస్తే ఆ నీళ్ళు అమ్మోనియా అవుతాయి. దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్ స్పాంజి మీదా గులకరాళ్ళ మీదా ఉంటుంది, అది కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మావాడు ప్రతి శనివారం మొత్తం నీళ్ళు పారబోసి, గులకరాళ్ళని అంట్లగిన్నెల్లా తోమి, క్లోరిన్ వాసన గుప్పుమనే కుళాయి నీళ్ళు నేరుగా నింపుతాడు. దిష్టి అంటే ఇదే, అది పైపులోంచి వస్తుంది.

ఒకరోజు గిన్నె ముందు నన్ను నిలబెట్టి, "చూడు అన్నయ్యా, నన్ను చూడగానే పైకొచ్చి ఎలా మాట్లాడుతోందో" అన్నాడు. మాట్లాడటం కాదురా అది. ఊపిరాడక నీళ్ళపైకి వచ్చి నోరు తెరుస్తోంది. మొప్పలు చూడు, ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. దాని ఉచ్చలో దాన్నే ముంచి చంపుతూ, పిల్లల్ని పిలిచి చప్పట్లు కొట్టిస్తున్నావు, పోయాక త్యాగం చేసిందంటున్నావు. దాన్నెవడు అడిగాడురా త్యాగం చేస్తావా అని? ఫిల్టర్ పెట్టడానికి బద్ధకం అని చెప్పు, తెలీదని చెప్పు, వింటాను, నేర్పిస్తాను. దిష్టి అనకు. ఇదంతా పైకే అన్నాను. వాళ్ళమ్మగారు కాఫీ ఇచ్చి, నాక్కూడా ఎవరి దిష్టో తగిలినట్టుందన్నారు.

మా ఇంట్లో రెండడుగుల తొట్టి ఉంది. గప్పీలు, ఓ పది జీబ్రా డానియోలు. డానియో మన వాగుల్లో పుట్టిన చేపే, ఒంటినిండా నీలం చారలు, గుండెలో ఐదోవంతు కోసేసినా మళ్ళీ పెంచుకుంటుందని ప్రపంచంలో ఎన్నో ల్యాబుల్లో దానిమీద పరిశోధనలు. వాస్తులో మాత్రం దానికి సీటు లేదు, బంగారు రంగు కాదుగా! అది గుడ్లు పెడితే అదే తినేస్తుంది, అందుకని అడుగున గోలీలు పరిచాను, సందుల్లోకి జారిన గుడ్లు బతుకుతాయి, రెండు మూడు రోజులకి గాజు పెంకుల్లాంటి పిల్లలు అద్దానికి అతుక్కుని కనిపిస్తాయి. గప్పీ అయితే నేరుగా పిల్లల్నే కంటుంది. నాలుగు వారాలకి పొట్ట మూటలా అయి, తోక దగ్గర మచ్చ నల్లబడుతుంది. ఓ రాత్రి లైటు తీయబోతూ చూశాను: మడతపెట్టిన కామా లాంటిది ఒకటి జారి, కిందకి పడుతూ పడుతూ మధ్యలో విచ్చుకుని, తిన్నగా నాచులోకి ఉరికింది. రెండే కళ్ళు, వెనక కాస్త తోక. పన్నెండింటిదాకా అక్కడే కూర్చున్నాను.

మొన్న తోడల్లుడు వచ్చి ఆ తొట్టిని చాలాసేపు చూశాడు. ఏడాదిన్నర అయిందా, పెద్ద చేప ఒక్కటీ చచ్చి తేలలేదా అని అడిగాడు. లేదన్నాను, కాస్త గర్వంగానే.

"అంటే అన్నయ్యా," అన్నాడు జాలిగా, భుజం మీద చెయ్యేసి, "మీ మీద పడి ఏడ్చేవాళ్ళు ఒక్కరూ లేరన్నమాట."

అప్పట్నుంచీ మా ఆవిడ ఆ తొట్టి వంక అదోలా చూస్తోంది.