పెర్ల్ హార్బర్ నెపం టైపు మిషను మీదికి నెట్టొద్దు

“జపాన్ పద్ధతిగానే యుద్ధం ప్రకటించింది. వాషింగ్టన్‌లోని రాయబార కార్యాలయం టైపు కొట్టడంలో ఆలస్యం చేసింది కాబట్టే హవాయిలోని అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీది దాడి దొంగదెబ్బ అయింది. విదేశాంగ మంత్రి టోగో షిగెనోరి తప్పేమీ లేదు.” ఈ మాట ఎన్నాళ్లుగానో చలామణీలో ఉంది. కొందరైతే టోగోను, ప్రధాని టోజోను ఒకరే అనుకుంటారు. ఇద్దరూ వేరు.

ఆలస్యం జరిగిన మాట నిజమే. అమెరికాకు ఇవ్వమని టోక్యో తన రాయబార కార్యాలయానికి పంపిన 14 భాగాల సందేశంలో మొదటి 13 భాగాలు 1941 డిసెంబరు 6నే అందాయి, చివరిది 7 ఉదయం వచ్చింది. టైపిస్టుకు ఇవ్వవద్దని టోక్యో ఆదేశించడంతో కార్యదర్శి ఒకుమురా కత్సుజో స్వయంగా కొట్టాడు. వాషింగ్టన్ సమయం ప్రకారం మధ్యాహ్నం 1 గంటకు ఇవ్వాల్సిన పత్రం అమెరికా విదేశాంగ మంత్రి హల్ చేతికి 2:20కి చేరింది. బాంబులు 1:25కే పడ్డాయి.

కానీ వేళకు ఇచ్చినా దాన్ని యుద్ధ ప్రకటన అనలేం. 14వ భాగం చెప్పిందల్లా ఇక చర్చలు జరిపినా ఒప్పందం కుదరదని. యుద్ధం అన్న మాట కాదు కదా, దౌత్య సంబంధాలు తెంచుకుంటున్నామని కూడా అందులో లేదు. యుద్ధం మొదలుపెట్టడంపై దేశాలు చేసుకున్న 1907 హేగ్ ఒప్పందం అడిగింది ముందస్తుగా, స్పష్టంగా హెచ్చరించమని.

ఇక గడువు సంగతి. మొదట అనుకున్న వేళ 12:30. నౌకాదళ ఉపాధిపతి ఇతో సెయిచి వచ్చి 1 గంటకు జరపమన్నాడు, టోగో ఒప్పుకున్నాడు. దాడి ముహూర్తం 1:30. అంటే మిగిల్చింది అరగంట! హవాయికి కబురు వెళ్లి విమానాలు లేవడానికి ఆ వ్యవధి ఏ మూలకు?

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం అప్పటి బ్రిటిష్ మలయాలోని కోట భారు. అక్కడ జపాన్ సేనలు హవాయి దాడికి దాదాపు గంట ముందే దిగాయి. బ్రిటన్‌కు ముందుగా ఏ పత్రమూ ఇవ్వలేదు. అక్కడ నింద మోపడానికి టైపు మిషనే లేదు.

టోగో యుద్ధపిపాసి కాడు. ఆ నవంబరులో చర్చల కోసం పట్టుబట్టాడు. 1945 ఆగస్టులో, చక్రవర్తి పీఠం నిలవాలన్న ఒక్క షరతుతో లొంగుబాటుకు వాదించాడు. ఆ ఘనత అతనిదే. కానీ గడువు కుదింపుకు తలూపిన బాధ్యతా అతనిదే. టోక్యో యుద్ధ నేరాల న్యాయస్థానం 20 ఏళ్ల శిక్ష వేసింది. 1950 జూలైలో ఖైదీగానే చనిపోయాడు.