శ్రీయుత ఎఫ్ఎంఎం గారికి, సెన్యోర్ ఫ్ను గారి అబ్బాయి విన్నపం

మహారాజశ్రీ ఫోర్మా మిగ్రాటోరియా మూల్టిప్లే గారి దివ్యసముఖమునకు,

కాలిఫోర్నియా నుంచి నమస్కరించి రాసుకున్న విన్నపాలు. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మెక్సికోలోని టిహువానా సరిహద్దులో తమరు కూడా ఎప్పటిలాగే కట్టలు కట్టలుగా, పలకరించే నాథుడు లేక, నలగకుండా చిరగకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నేను మీకు గుర్తుండకపోవచ్చు. మా నాన్న మాత్రం గుర్తుండే ఉంటారు. 2025 వేసవిలో ఒక శనివారం పొద్దున, చంకలో ప్లాస్టిక్ ఫైలుతో, వెళ్లిపొమ్మన్నా వెళ్లకుండా మీకోసం నిలబడ్డ పెద్దమనిషి.

ఈ ఉత్తరాన్ని దారిలో ఎవరైనా విప్పి చదువుతారేమో, తమరెవరో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి అసలు సంగతికి వస్తాను. అమెరికా నుంచి కారు వేసుకుని మెక్సికోలోకి వెళ్లే టూరిస్టు దగ్గర ఉండాల్సిన పర్మిట్ తమరు. మహా అయితే 180 రోజులు ఉండనిస్తారు. రోడ్డు మీద వచ్చి వారం లోపల వెళ్లిపోయేవాళ్లకి ఉచితం. వారం దాటితే రుసుము. 2024లో 717 పెసోలున్నవారు 2025కల్లా 861కి ఎక్కి కూర్చున్నారు. మా జిల్లాలో పొగాకు రైతు తన పంటకి ఇలాంటి రేటు కోసం ఏళ్ల తరబడి మొక్కుతుంటాడు. మన పాస్‌పోర్టులో గడువున్న అమెరికా వీసా ఉంటే మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు, తమరొక్కరు తోడుంటే చాలు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఒక్కటే. తమరు తప్పనిసరి, కానీ తమర్ని ఎవరూ అడగరు.

మేం కాగితాల మధ్య పుట్టి పెరిగినవాళ్లం స్వామీ. పుట్టామనడానికి ఒక కాగితం, ఫలానా కులంలో పుట్టామనడానికి ఇంకొకటి, మాకు ఆదాయం లేదనడానికి ఒకటి, ఉందనడానికి మరొకటి. మా నాన్న పెన్షన్ తీసుకోవాలంటే తాను బతికే ఉన్నానని ఏటా రుజువు చేసుకోవాలి. ఆయన ముప్పై నాలుగేళ్లు ఎమ్మార్వో ఆఫీసులో పనిచేశారు. పెళ్లి శుభలేఖ ఇచ్చినా ముందు వెనక్కి తిప్పి, ముద్ర ఉందేమో చూసే మనిషి. ఇక నేను, హెచ్1బీ వాణ్ణి. కాగితం గడువు ముగిసే తేదీ చూసుకుని పిల్లల పుట్టినరోజులు పెట్టుకునే జాతి. అలాంటి మా ఇద్దరి మీదా మీరు ప్రయోగించిన అస్త్రం, అడక్కపోవడం.

బయల్దేరే ముందు మా తెలుగు వాట్సాప్ గ్రూపులో అడిగాను. సగం మంది "ఏం అక్కర్లేదు బ్రో, దూసుకెళ్లిపోవడమే" అన్నారు. మిగతా సగం "అది లేకుండా దొరికితే నీ పని అయిపోయినట్టే" అన్నారు. దొరికినవాడు ఎవరా అని వాకబు చేస్తే ఒక్కడూ తేలలేదు. తీసుకున్నవాడూ తేలలేదు. ముందురోజు రాత్రి కారుకి మెక్సికో ఇన్సూరెన్స్ మాత్రం కొన్నాను, అమెరికాలో నెలనెలా కట్టే పాలసీ అక్కడ చెల్లదు కాబట్టి. నాన్న హాల్లో కూర్చుని అందరి పాస్‌పోర్టులూ మూడేసి సెట్లు జిరాక్సులు సర్దారు. ఫొటోలు తలా ఆరు. గ్లూ స్టిక్ ఒకటి. "అక్కడ జిగురు దొరుకుతుందో లేదో" అన్నారు.

ఐ-5 హైవే చివర 'అమెరికాలో ఇదే ఆఖరి ఎగ్జిట్' అని ఒక బోర్డు ఉంటుంది. అది దాటాక మనసు మార్చుకోవడానికి వీల్లేదు, రోడ్డు తనంతట తానే మెక్సికోలోకి జారిపోతుంది. అమెరికా వైపు మమ్మల్ని ఆపినవాడు లేడు. ముందు వెళ్తున్న కార్లన్నీ మెక్సికో కస్టమ్స్ దీపం కింద నుంచి వెళ్తున్నాయి. పచ్చదీపం వెలిగితే పో, ఎర్రదీపం వెలిగితే పక్కకి రా. అందరికీ పచ్చే. వేరే దేశంలోకి వెళ్తున్నట్టు లేదు, టోల్‌గేటు దాటుతున్నట్టుంది. నేను ముందే చదువుకుని ఉన్నాను కాబట్టి కుడివైపు డిక్లరేషన్ వరసలోకి తిప్పి, నా అంతట నేనే తనిఖీ చేసే చోట బండి ఆపాను.

ఒక ఆఫీసరు మర్యాదగానే వచ్చారు. డిక్లేర్ చేయాల్సిందేమైనా ఉందా అన్నారు. లేదన్నాను. మరెందుకు ఆగారన్నట్టు చూశారు. టూరిస్ట్ పర్మిట్ కావాలన్నాను. ఎక్కడికి? ఎన్సెనాడా. ఎన్ని రోజులు? రెండు. ఆయన నవ్వి, చెయ్యి ఊపి "పాసే, పాసే" అన్నారు.

"వెళ్లమంటున్నారుగా మామయ్య గారూ" అంది మా ఆవిడ.

నాన్న అప్పటికే తలుపు తీసుకుని దిగిపోయారు. "ఒరేయ్, ఆయన నోటితో పొమ్మన్నాడు. రేపు ఎవడైనా ఆపి, ఎవరు పొమ్మన్నారంటే ఆ నోరు చూపిస్తావా?"

అలా తమరి సన్నిధికి చేరాం. గది నిండా ఏసీ, మనుషులు లేరు. బల్ల వెనక ఉన్నాయన మమ్మల్ని చూసి, దారి తప్పి వచ్చామనుకుని, బాత్రూమ్ అటు అని చూపించారు. మీరే కావాలని చెప్పాక సొరుగు లాగి తమర్ని బయటికి తీశారు. తమరి మీద అంటిన దుమ్ము ఆయనే ఊదారు. మనసులో మాట చెప్పొద్దూ, ఆ క్షణంలో తమరి మీద జాలేసింది.

పేరు దగ్గర మొదలైంది గొడవ. మా నాన్న పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఇంటిపేరూ, అసలు పేరూ, తోకా అన్నీ కలిపి ఒకే గడిలో రైలుపెట్టెల్లా ఉంటాయి. అలాంటప్పుడు అమెరికా వీసా ఇచ్చేవాళ్లు ఆ రైలు మొత్తాన్నీ ఇంటిపేరు చేసేసి, పేరు ఉండాల్సిన చోట ఎఫ్, ఎన్, యూ అని మూడక్షరాలు కొడతారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్. అంటే, పేరు తెలియదు అని. ఊరంతా పేరు పెట్టి పిలిచినా సరే, వీసా మీద మాత్రం మీ పేరు తెలియదు. తమరి దగ్గరున్నాయన వీసా చూసి, ఆ మూడక్షరాల్నీ శ్రద్ధగా, గుండ్రంగా తమరి గడిలోకి ఎక్కించారు. తరవాత తలెత్తి ఎంతో గౌరవంగా పిలిచారు.

"సెన్యోర్ ఫ్ను?"

నాన్న వెనక్కి తిరిగి ఇంకెవరైనా వచ్చారేమోనని చూశారు.

నేను సర్దిచెప్పబోయేలోపు ఆయన రెండో ఇంటిపేరు ఏమిటని అడిగారు. మెక్సికోలో ప్రతివాళ్లకీ నాన్న వైపుది ఒకటి, అమ్మ వైపుది ఒకటి, రెండు ఇంటిపేర్లుంటాయి. ఇది విన్నాక మా నాన్న మొహం చూడాలి. "మా అమ్మ పుట్టింటి పేరు కూడా అడుగుతున్నాడ్రా! ముప్పై నాలుగేళ్లు సర్టిఫికెట్లు రాశాను, ఒక్కనాడు ఒక్క కాలమ్‌లోనూ అడగలేదు" అన్నారు. అడిగింది చెప్పారు, స్పెల్లింగుతో సహా. పాస్‌పోర్టులో లేదని ఆయన రాసుకోలేదనుకోండి. అయినా ఆ ఒక్క ప్రశ్నతో తమరి ప్రభుత్వం మా ఇంట్లో ఒక ఓటు సంపాదించుకుంది.

రోజులు ఏడు అని పెన్నుతో రాసి, ముద్ర ఎత్తి, ధడేల్మని దించారు. నాన్న ఊపిరి అప్పుడు వదిలారు. "ఇప్పుడొచ్చాం రా మెక్సికోకి."

డబ్బెంత అని అడిగారు. ఉచితమన్నారు. నాన్న కదల్లేదు.

"రసీదు?"

"డబ్బు కట్టలేదుగా నాన్నా."

"కట్టలేదని రసీదు."

దాన్ని స్పానిష్‌లోకి మార్చే సత్తా నా ఫోన్‌కి లేక, ఏదోలా లాక్కొచ్చాను.

ఇక్కడ ఒక పక్కమాట. మా ఆఫీసులో ఇంకో తెలుగాయన ఉన్నాడు. వీసా స్టాంపు గడువు అయిపోయింది, ఐ-94 (అమెరికాలో ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే కాగితం) మాత్రం ఉంది. అలాంటివాళ్లు మెక్సికో వెళ్లి 30 రోజుల్లోపు తిరిగొస్తే, కొన్ని షరతుల మీద, పాత స్టాంపుతోనే రానివ్వడానికి అమెరికాలో ఒక నిబంధన ఉంది. కానీ తమరు దక్కాలంటే మాత్రం వీసాకి గడువు ఉండి తీరాలి, లేదా మెక్సికో వీసా విడిగా తెచ్చుకోవాలి. అంటే తిరిగి రమ్మనడానికి ఇటువాళ్లు సిద్ధమే, వెళ్లి అడిగితే మీరే కాదంటారు. అడక్కుండా వెళ్లేవాణ్ణి మాత్రం పచ్చదీపం ఆశీర్వదించి పంపుతుంది. నిజాయితీగా కారు దిగి వచ్చినవాడికే కదండీ తమరి రూల్సన్నీ! ఆయన ఇంటిదగ్గరే ఉండిపోయాడు. రూల్సు చదివినవాడి గతి ఇంతే.

ఎన్సెనాడా దాకా వంద కిలోమీటర్ల టోల్‌రోడ్డు, కుడిపక్కన పసిఫిక్, దారిలో మూడు టోల్‌గేట్లు. అక్కడ డబ్బులడిగారు, తమర్ని అడగలేదు. ఒకచోట సైనికులు ఆపారు. ఎక్కడినుంచి, ఎక్కడికి అన్నారు. నాన్న వెనక సీట్లోంచి తమర్ని కిటికీ బయటికి చాపారు, జిప్‌లాక్ కవర్లో పెట్టి మరీ. ఆ సైనికుడి వయసు ఇరవై ఉంటుందేమో. తమర్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేమిటో తెలియనట్టు పైవాడికి చూపించి, "గ్రాసియాస్" అని జాగ్రత్తగా తిరిగి ఇచ్చేశాడు. "చూశావా, చెక్ చేశాడు" అన్నారు నాన్న. ఆ రోజంతా హుషారుగా ఉన్నారు.

లా బుఫడోరా దగ్గర సముద్రం రాతి గొంతులోంచి పైకి చిమ్ముతుంది. అందరూ తడవడానికి ముందుకెళ్తుంటే నాన్న తమర్ని చొక్కా లోపల దాచుకుని వెనక్కి జరిగారు. పక్కన బండి మీద మామిడికాయ ముక్కల మీద కారం, ఉప్పు చల్లి, నిమ్మకాయ పిండి ఇస్తున్నారు. ఒక ముక్క నోట్లో వేసుకుని ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "వీళ్లు మనవాళ్లే రా. వీళ్లకెందుకురా పర్మిట్లు" అన్నారు. పాపం, ఆ మాట తమరు విన్నారు, చొక్కాలోనే ఉన్నారుగా. మనసులో పెట్టుకోకండి.

తమరి అన్నగారి సంగతి కూడా ఎత్తకపోతే బాగుండదు. టిహువానా, ఎన్సెనాడా ఉన్న బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం దాటి, దేశం లోపలికి కారులో వెళ్లాలంటే మనిషికి మీరు చాలరు, కారుకి వేరే పర్మిట్ కావాలి. దాన్ని ఇచ్చేది బాన్‌హెర్సితో అనే బ్యాంకు, అదీ సైన్యంవాళ్ల బ్యాంకు. 2007, ఆ తరవాతి మోడలు కారుకి 400 డాలర్ల డిపాజిట్, పాతవాటికి 300, ఇంకా పాతవాటికి 200. అద్దానికి స్టిక్కరు అంటిస్తారు. గడువులోపల దేశం దాటి ఆ స్టిక్కరు అప్పగిస్తే డిపాజిట్ వెనక్కి, మర్చిపోతే గోవిందా. కారుకి అన్ని మర్యాదలు చేసి మనిషికి మాత్రం "పాసే, పాసే" అనడం ఏం న్యాయమండీ?

ఇక తిరుగుప్రయాణం. దేశం విడిచేటప్పుడు తమర్ని అప్పగించాలని నియమం. ఎవరికి? మూడు గంటలు ఆ వరసలో కూర్చున్నాం. చుర్రోలు అమ్మేవాళ్లొచ్చారు, దుప్పట్లు అమ్మేవాళ్లొచ్చారు, మట్టి డిబ్బీలు, ప్లాస్టర్ బొమ్మలు, సెల్‌ఫోన్ ఛార్జర్లు, కుక్కపిల్ల బొమ్మలు వచ్చాయి. తమర్ని పుచ్చుకునేవాడొక్కడూ రాలేదు. కార్ల వరస నేరుగా అమెరికా కౌంటరు దగ్గర తేలింది. అక్కడ వీసాలు, ఐ-94లు, ఉద్యోగం, ఊరు, బాస్ పేరు, పండ్లేమైనా ఉన్నాయా, అన్నీ అడిగారు. నాకు ప్రాణం లేచొచ్చింది, అడిగేవాళ్ల మధ్యకి వచ్చి పడ్డాం కదా. చివర్లో నాన్న జిప్‌లాక్ కవరు తీసి "సార్, దిస్" అన్నారు. ఆ ఆఫీసరు దూరం నుంచే చూసి, ఇది మాకక్కర్లేదన్నాడు.

అలా తమరు అప్పగింతలు లేని పెళ్లికూతురిలా మా ఇంట్లోనే ఉండిపోయారు.

ఇప్పుడు తమరు ఒంగోలు దగ్గర మా ఊళ్లో, నాన్న ఫైల్లో, పట్టాదారు పాస్‌బుక్కుకీ పెన్షన్ ఆర్డరుకీ మధ్య ఉన్నారు. వచ్చిన చుట్టాలకల్లా చూపిస్తున్నారు. మొన్న మా మేనత్త కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివి, "ఈ ఫ్ను ఎవర్రా అన్నయ్యా?" అని అడిగిందట.

"స్పానిష్‌లో నా పేరు అది" అన్నారట నాన్న.

ఆయన బాధ ఇంకొకటుంది. తమరి మీద రాసింది ఏడు రోజులు. తమరు ఆ సరిహద్దులో అప్పగింత కాలేదు. అంటే తమరి లెక్క ప్రకారం సెన్యోర్ ఫ్ను ఇంకా మెక్సికోలోనే ఉన్నారు. రోజూ రాత్రి ఫోన్‌లో ఇదే. తిరిగి పంపిద్దాం, అక్‌నాలెడ్జ్‌మెంట్ వచ్చేలా రిజిస్టర్డ్ పోస్టు చేద్దాం అంటే ఇప్పుడది స్పీడ్ పోస్టులో కలిసిపోయిందట, దాని మీద ఒక గంట. ఏ చిరునామాకి పంపాలో దయచేసి తెలియజేయగలరు. అందిన వెంటనే ముద్ర వేసి రసీదు ఇవ్వగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఫ్ను గారి ఏకైక కుమారుడు

తా.క.: జవాబు నేరుగా మా ఊరికే పంపినా పరవాలేదు. కవరు మీద 'సెన్యోర్ ఫ్ను' అని రాస్తే చాలు. పోస్ట్‌మాన్‌కి చెప్పి ఉంచారు.