రెండు మందులున్న నొప్పి మాత్రగారికి, నడుం పట్టేసినోడు రాసుకున్న ఉత్తరం

మాత్రగారూ,

మీలో ఇద్దరున్నారు కాబట్టి మీరు అంటున్నా, గౌరవం అనుకునేరు. నడుం పట్టేసి మంచం మీద కొయ్యలా పడున్నప్పుడు మీరొచ్చారు, గంటలో లేచి కూర్చున్నా, దానికి ఒక దండం. దండం అయిపోయింది, ఇక తిట్లు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు కదా, మీరేమో గోరంత బిళ్ళలో ఇమిడ్చేశారు. ఒకాయన కోడీన్, నల్లమందు వంశం, 1832లో ఫ్రాన్స్‌లో వెలుగులోకొచ్చినాయన. రెండోది పారాసెటమాల్, ప్రతి ఇంట్లో మందుల డబ్బాలో మూలుగుతూ ఉండే ఆ జ్వరం బిళ్ళే. ఈ ఇద్దరూ కలిసి గుమ్మంలోకొస్తే ఎవరైనా ఎవర్ని చూసి జడుసుకుంటారు? నల్లమందాయన్నే కదా. నేనూ అంతే, ఆయన మీద కళ్ళల్లో ఒత్తులేసుకుని కాపలా కాస్తూ రెండో ఆయన్ని మనోడేలే అని వదిలేశా. తీరా చూస్తే లెక్క మించితే లివర్‌కి నిప్పెట్టేది ఆ సాధుజీవేనట!

ఎలా తెలిసిందంటే, డాక్టర్ గారు మిమ్మల్ని రెండేసి చొప్పున రోజుకి మూడుసార్లు రాశారు, ఒక్కో దాంట్లో పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములు, అంటే అక్కడికే 3000. ఇంతలో జలుబు చేసింది, జలుబు బిళ్ళ తెచ్చుకున్నా మూడు పూటలకి, ఒళ్ళు వెచ్చగా ఉందని జ్వరం బిళ్ళ ఒకటి చేతిలోకి తీసుకున్నా. మా ఆవిడ అన్ని స్ట్రిప్పులూ వెనక్కి తిప్పి చదివి, "ఏవండీ, మూడిట్లోనూ ఉన్నది ఒకటే మందండీ" అంది. జలుబు బిళ్ళలు మూడూ, జ్వరం బిళ్ళ ఒకటీ, ఒక్కోటి 500 చొప్పున కూడితే మొత్తం 5000. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 4000 దాటకూడదు, లివర్ జబ్బున్నా రోజూ తాగే అలవాటున్నా బాగా బక్కపలచగా ఉన్నా అంతకన్నా తక్కువే. ఇందులో దారుణమేంటంటే, ఎక్కువైనా మొదటి రోజు పెద్దగా ఏమీ తెలీదట, కాస్త వికారం అంతే, విరుగుడు మందేమో ఎంత తొందరగా ఎక్కిస్తే అంత బాగా పనిచేస్తుంది. అంటే బాగానే ఉన్నాం కదా అని ఇంట్లో కూర్చునే టైమే ఆస్పత్రికి పరిగెత్తాల్సిన టైమన్నమాట. ఇంత దొంగచాటు వ్యవహారం దేనికండీ మీకు?

ఇక కోడీన్ గారు. అయ్యా, మీరు సొంతంగా చేసే పని తక్కువ, లివర్ మిమ్మల్ని మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందుగా మారిస్తేనే మీ ప్రతాపం. కొందరి లివర్ అసలు మార్చదు, నొప్పి నొప్పిలాగే ఉంటుంది. ఇంకొందరిది యమా స్పీడు, మామూలు డోసుకే ఊపిరి మందగిస్తుంది. అందుకే 2017లో అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 12 ఏళ్ళలోపు పిల్లలకి మిమ్మల్ని ఇవ్వనే వద్దంది, పాలిచ్చే తల్లులకీ వద్దంది. ఇదంతా తెలీని నేనేమో మోకాళ్ళ నొప్పి అన్న మా బావగారికి "నాకు బ్రహ్మాండంగా పనిచేసింది బావా, వేసేసుకో" అని రెండు చేతిలో పెట్టబోయా. ఆయన రాత్రి నిద్ర మాత్ర వేసుకుంటారు. నిద్ర మాత్రో మందు గ్లాసో మీకు తోడైతే మనిషి ఎంత పిలిచినా లేవడు, గురక తేడాగా వస్తుంది, పెదాలు నీలంగా అవుతాయి, ఇంట్లోవాళ్ళేమో పాపం మంచి నిద్రలో ఉన్నాడు పడుకోనివ్వండి అంటారు. ఆ టైంలో కావాల్సింది దుప్పటి కాదండీ, అంబులెన్సు.

అన్నిటికన్నా అసలు పగ వేరే ఉంది, చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. బాత్రూమ్. నాలుగు రోజులు! మీరు పేగుల్ని కూడా నిద్రపుచ్చుతారని ఒక్కళ్ళు చెప్పలేదు. మత్తుకీ వికారానికీ ఒళ్ళు మెల్లగా అలవాటు పడుతుందట గానీ దీనికి మాత్రం అలవాటు పడదట, నీళ్ళు తాగినా నడిచినా లోపల ధర్నా చేస్తున్నట్టు ఒక్క అంగుళం కదల్లేదు. విరేచనం మందు మొదటి రోజే అడగాల్సిందండీ అంది షాపులో అమ్మాయి, అదీ పదిమంది వినేలా.

తలనొప్పికి కూడా మిమ్మల్నే నమ్ముకునేవాళ్ళున్నారు. నెలకి 10 రోజులూ అంతకన్నా ఎక్కువగా నెలల తరబడి వేసుకుంటే ఆ తలనొప్పిని మీరే తెచ్చిపెడతారు, మళ్ళీ తగ్గించడానికీ మీరే వస్తారు. తాళం పగలగొట్టినోడే తాళాల రిపేర్ కొట్టు పెట్టినట్టు.

వారాల తరబడి వాడినోళ్ళు మిమ్మల్ని ఒక్కసారిగా వదిలేద్దామన్నా వదలరు కదా, ఆవలింతలు, చెమటలు, ముక్కు కారడం, నిద్ర రాకపోవడం, డాక్టర్‌కి చెప్పి మెల్లమెల్లగా తగ్గించుకోవాలి. నావి ఐదు రోజులే కాబట్టి బతికిపోయా.

స్ట్రిప్పులో ఇంకా ఆరు మిగిలున్నారు. మళ్ళీ నొప్పొస్తే పనికొస్తాయని దాచబోయా, మా ఆవిడ చూసిన చూపుకి మానుకున్నా. మందుల షాపువాళ్ళు వెనక్కి తీసుకుంటామన్నారు, రేపు దిగబెడతా, అప్పటిదాకా పిల్లల చేతికందకుండా బీరువాలో ఉండండి. తాళం ఎక్కడుందో నన్నడక్కండి, నాకూ చెప్పలేదు.

ఇట్లు,
మెట్లు దిగేటప్పుడు ఇంకా కొంచెం వంగే మీ పాత కస్టమర్