సీపీయూని ఆ చెక్క గూట్లోంచి బయటికి తీయండి

మొన్న రోహిణి కార్తెలో, మధ్యాహ్నం రెండున్నరకి పెళ్లి వీడియో ఎడిట్ చేస్తుంటే సిస్టమ్ బిగుసుకుపోయింది. సీపీయూ దగ్గర చెవి పెడితే లోపల హార్డ్ డిస్కు టిక్... టిక్... అని చప్పుడు. డిస్కు పోతోందనడానికి గుర్తు అది. మా పనిలో ఉన్నవాళ్లకు ఆ చప్పుడు వింటే కాళ్లూ చేతులూ ఆడవు. పెళ్లికూతురి తాతయ్య అక్షింతలు వేసిన ముక్క ఆ డిస్కులోనే ఉంది. పెళ్లయిన నెలకే ఆయన పోయారు. ఇంకో డిస్కులో కాపీ ఉండబట్టి సరిపోయింది. లేకపోతే ఆ ఇంటివాళ్లకు ఏం చెప్పేవాణ్ణి?

డిస్కు నాలుగేళ్లది. వేడి ఒక్కటే దాన్ని చంపిందని నేను అనను. కానీ కొత్త డిస్కు వేసి, పని మొదలుపెట్టిన గంటకి డిస్కు వేడి చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే 57 డిగ్రీలు! చాలా డెస్క్‌టాప్ డిస్కులకు కంపెనీలు చెప్పే హద్దు 60. కొత్తది కూడా మొదటి రోజే అంచు మీద నిలబడింది.

అప్పుడు టేబుల్ వెనక్కి చెయ్యి పెట్టాను. ప్లైవుడ్ అట్లపెనంలా కాలుతోంది. సీపీయూ ముందు జాలీ మీద దుమ్ము మందంగా, గోరుతో లాగితే గుడ్డపీలికలా ఊడొచ్చింది.

మన కంప్యూటర్ టేబుళ్లకు సీపీయూ కోసం ఒక గూడు చేస్తారు కదా, మూడు వైపులా చెక్క, ముందు తలుపు. అదే అసలు దోషి. సీపీయూ డబ్బా ముందునుంచి గాలి పీల్చి, వెనక ఫ్యాన్‌తో వేడిగాలి బయటికి తోస్తుంది. వెనక చెక్క ఉంటే ఆ వేడిగాలి ఎక్కడికి పోతుంది? పక్కల నుంచి తిరిగి ముందుకొస్తుంది, మళ్లీ అదే లోపలికి వెళ్తుంది. డిస్కు తినే కరెంటు ఏడెనిమిది వాట్లే, కానీ నిమిషానికి 7200 చుట్లు తిరిగే మోటారు అది. చుట్టూ ఉన్న గాలికంటే పది పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. మే నెలలో బెజవాడలో 45 దాటే రోజులున్నాయి, పై అంతస్తు గదిలో సాయంత్రం ఏడైనా స్లాబు సెగ తగ్గదు. ఇక లెక్క మీరే వేసుకోండి.

వెనక ప్లైవుడ్ ఊడదీయించాను. సీపీయూని పొట్టి స్టూలు మీదికి, గోడకి జానెడు దూరంగా మార్చాను. ఒకదానికొకటి ఆనుకున్న రెండు డిస్కుల మధ్య ఒక అర ఖాళీ వదిలాను. ముందువైపు 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి బిగించాను, కొన్ని వందల రూపాయల వస్తువు. అదే గది, అదే పని, ఇప్పుడు 44.

'డిస్కులకు వేడితో ఏం కాదు, గూగుల్ వాళ్లే చెప్పారు' అని ఒక మిత్రుడు వాదించాడు. 2007లో వాళ్లు లక్షకు పైగా డిస్కులను గమనించి, అనుకున్నంత సంబంధం లేదని రాసిన మాట నిజమే. అవి గాలి ఆడే డేటా సెంటర్లలోని డిస్కులు. పైగా మూడేళ్లు దాటిన డిస్కులు బాగా వేడెక్కితే ఎక్కువగా పాడయ్యాయని కూడా అందులోనే ఉంది. నాది నాలుగేళ్ల డిస్కు, చెక్కగూట్లో ఉన్నది. ఆ సగం ఎవరూ చదవరు, అదే నా బాధ.

సైడు డోరు తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టేవాళ్లున్నారు. వేడి తగ్గొచ్చు గానీ వీధి దుమ్మంతా లోపలే. డిస్కు మీద ఐస్ ప్యాక్ మాత్రం దయచేసి పెట్టకండి, కృష్ణ ఒడ్డున ఉక్కలో క్షణాల్లో చెమ్మ పడుతుంది. ఎక్స్‌టర్నల్ డిస్కుని పరుపు మీద పెట్టి వందల జీబీలు కాపీ చేయకండి, టైల్స్ మీదో గ్రానైట్ గట్టు మీదో పెట్టండి.

నిన్న వన్‌టౌన్‌లో మా బాబాయి కిరాణా కొట్టుకి వెళ్తే, సీసీ కెమెరాల వీడియో రికార్డు చేసే డీవీఆర్ పెట్టె అటక మీద తాళం వేసిన రేకు డబ్బాలో ఉంది. అందులోనూ హార్డ్ డిస్కే, రాత్రీ పగలూ రాస్తూనే ఉంటుంది. "తాళం తీస్తే దొంగలు పట్టుకుపోతార్రా" అన్నాడు. తాళం అలాగే ఉంచు బాబాయ్, పక్కలకి చిల్లులు పెట్టిద్దాం అన్నాను. ఆదివారం డ్రిల్లింగ్ మిషన్ తీసుకుని రమ్మన్నాడు.